సముద్రపు గట్టున ఒక రోజు: కుటుంబంతో మైపాడు, కొత్తపట్నం వెళ్లేవారు చేసుకోవలసిన ఏర్పాట్లు

కుటుంబమంతా కలిసి సముద్రానికి వెళ్దామని అనుకున్న ఇంట్లో మొట్టమొదట తేల్చుకోవలసింది, అక్కడికి చేరిన తరువాత నీళ్లలోకి దిగకుండా, చేతిలో ఫోను లేకుండా, గట్టునే నిలబడి పిల్లల మీద కన్ను వేసి ఉంచేది ఎవరన్న విషయం. పులిహోర ఎవరు కలుపుతారు, ఎవరి కారు తీస్తారు, ఎన్ని గంటలకు బయలుదేరుతారు అన్నవన్నీ ఆ తరువాత మాట్లాడుకోవచ్చు. మా ఇంట్లో ఈ బాధ్యత తీసుకునేవారికి గట్టు మనిషి అన్న పేరు స్థిరపడిపోయింది. ఒక్కరినే రోజంతా నిలబెట్టడం న్యాయం కాదు కనుక పెద్దవాళ్లు అరగంటకొకరు చొప్పున వంతులు వేసుకుంటారు. వంతు మారేటప్పుడు ఎంతమంది నీళ్లలో ఉన్నారో, ఎంతమంది చాప మీద ఉన్నారో నోటితో చెప్పి అప్పగించాలన్నది మా నియమం.

ఈ నియమం ఊరికే పుట్టలేదు. కొన్నేళ్ల కిందట ముక్కనుమ నాడు పదకొండు మందిమి రెండు బండ్లలో నెల్లూరు దగ్గరి మైపాడు వెళ్లాము. పెద్దవాళ్లం ఏడుగురం ఉన్నాము గనుక నలుగురు పిల్లలను చూసుకోవడం ఎంతసేపని అనుకున్నాము. ప్రతి ఒక్కరూ మిగతావాళ్లు చూస్తున్నారులే అనుకోవడంతో చివరికి ఎవ్వరూ చూడలేదు. నాలుగేళ్ల మా మేనకోడలు ఇరవై నిమిషాలసేపు కనబడకుండా పోయింది. మేమందరం నీళ్లవైపు పరుగెత్తాము. ఆ పాప మాత్రం మాకు వెనకవైపు, బుడగలు అమ్మే మనిషి పక్కన ఇసుకలో కూర్చుని, నిమ్మపండు రంగు బుడగ దారాన్ని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. అప్పటినుంచి పిల్లల చేతి మీద, మోచేతి లోపలి పక్క, బాల్‌పెన్నుతో ఫోను నంబరు రాసిన తరువాతే బండి దిగనిస్తున్నాము. అరచేతిలో రాస్తే తడికి, ఇసుకకు పది నిమిషాల్లో చెరిగిపోతుంది.

ఇక ఏ గట్టుకు వెళ్లాలన్న సంగతి. నెల్లూరు వాళ్లకు మైపాడు దగ్గర. పట్టణంలో మైపాడు గేటు దాటి తూర్పుగా పాతిక కిలోమీటర్ల లోపు ప్రయాణంతో ఇందుకూరుపేట మండలంలోని ఆ తీరానికి చేరుకోవచ్చు. పర్యాటక శాఖ వసతి ఉన్నది, తినుబండారాల బండ్లు, పిల్లల ఆటలు ఎక్కువగా కనిపించేది అక్కడే. తోటపల్లిగూడూరు మండలంలోని కోడూరు కొంత ప్రశాంతమైన గట్టు. అక్కడి వేళాంగణి మాత ఆలయానికి వచ్చేవారు ప్రార్థన ముగించుకొని సముద్రానికి వెళ్లడం అలవాటు. కావలి వైపు వాళ్లకు తుమ్మలపెంట, సింగరాయకొండ వైపు వాళ్లకు పాకల, ఒంగోలు వాళ్లకు కొత్తపట్నం అందుబాటులో ఉన్నాయి. 2022లో జిల్లాలు విడిపోయిన తరువాత చీరాల వాడరేవు బాపట్ల జిల్లాలోకి వెళ్లినా ఒంగోలు కుటుంబాలు వాడరేవు అలవాటును మానుకోలేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. పిల్లలు ఆటలు కోరితే జనం ఉండే గట్టుకు వెళ్లాలి. పెద్దవాళ్లు ప్రశాంతత కోరితే ఊరికి ఎడంగా ఉండే గట్టుకు వెళ్లాలి. రెండూ ఒకేచోట దొరుకుతాయని ఆశపడితే ఇద్దరికీ అసంతృప్తే మిగులుతుంది. పసిపిల్లలు, ముసలివాళ్లు ఇద్దరూ ఉన్న కుటుంబమైతే నా ఓటు జనం ఉండే గట్టుకే, ఎందుకంటే ఏదైనా అయినప్పుడు సాయానికి వచ్చే మనుషులు, నీడ, మరుగుదొడ్డి అక్కడే ఉంటాయి.

కాలం విషయంలో మన తీరానికి ఒక ప్రత్యేకత ఉంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. అల్పపీడనాలు, వాయుగుండాలు, తుపానులు ఎక్కువగా వచ్చేదీ ఆ నెలల్లోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే కార్తీక మాసం పడుతుంది, సముద్ర స్నానాలకు జనం వేలల్లో కదులుతారు. అమావాస్యకు, పౌర్ణమికి సముద్రపు పోటు మామూలు రోజులకన్నా ఎక్కువగా ఉంటుంది. అంటే కార్తీక పౌర్ణమి నాడు పెద్ద పోటు, ఈశాన్యపు గాలి, విపరీతమైన జనం, ఈ మూడూ ఒకే పూట కలుస్తాయన్న మాట. ఆ రోజు వెళ్లేది స్నానానికే గనుక వెళ్లినవారు స్నానం చేసి, దీపం వదిలి, తిరిగి రావడం మంచిది. పిల్లల విహారానికి అది తగిన రోజు కాదు. విహారానికి జనవరి చివరి వారం నుంచి మార్చి మధ్య దాకా ఉన్న రోజులను మించినవి లేవు. పొద్దున చల్లగా ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది, సముద్రం కూడా కొంత నెమ్మదిస్తుంది. వేసవి సెలవుల్లో తప్ప కుదరదనేవాళ్లు మధ్యాహ్నాన్ని పూర్తిగా వదులుకోవడానికి సిద్ధపడి వెళ్లాలి.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం వాతావరణ వార్తలు వినడం మరచిపోకూడదు. కృష్ణపట్నం ఓడరేవులో ప్రమాద హెచ్చరిక ఎగురవేశారని వార్త వస్తే, అది ఒకటో నంబరైనా సరే, ప్రయాణం మానుకోవలసిందే. నెల్లూరులో చినుకు కూడా లేదు కదా అన్న వాదన పనికిరాదు, ఎక్కడో దూరంగా నడిసముద్రంలో లేచిన గాలి ఇక్కడి గట్టున అలలను పెంచుతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు అలల గురించి, పోటు గురించి ముందస్తు సమాచారం ఇస్తుంది. నీరు పైకి వచ్చే పోటు, వెనక్కు తగ్గే పాటు వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ ఉంటాయి కాబట్టి పోయిన వారం చూసిన వేళ ఈ వారానికి సరిపోదు. ఇసుక మీద చాప పరిచేటప్పుడు కిందటి పోటు వదిలి వెళ్లిన చెత్తగీత, అంటే ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు వరుసగా పేరుకున్న చోటు ఎక్కడుందో చూసుకొని దానికి పైన పరచుకుంటే చెప్పులు, క్యారియర్లు నీటిపాలు కావు.

రోజును ఎలా విభజించుకోవాలన్న దాని మీదే విహారం సుఖంగా జరగడం ఆధారపడి ఉంటుంది. మన సముద్రం తూర్పున ఉన్నది. పొద్దున్నే ఎండ నీళ్ల మీదనుంచి నేరుగా ముఖాన కొడుతుంది, ఎనిమిదిన్నర దాటితే గట్టున తల దాచుకోవడానికి చోటుండదు. సాయంత్రం దీనికి పూర్తిగా తలకిందులు. సూర్యుడు వెనక, సరుగుడు తోపుల మీదుగా దిగుతాడు గనుక నాలుగు దాటిన తరువాత తోపు నీడ క్రమంగా సముద్రంవైపు సాగుతుంది, ఇసుక చల్లబడుతుంది, గాలి తిరుగుతుంది. అందువల్ల కుటుంబంతో వెళ్లేవారికి రెండే మార్గాలు. మొదటిది సూర్యోదయానికి అక్కడ ఉండి తొమ్మిదికల్లా నీళ్లలోనుంచి బయటికి రావడం. సూర్యోదయం జూన్ మొదట్లో అయితే 5.45 ప్రాంతంలో, జనవరిలో అయితే 6.35 ప్రాంతంలో అవుతుంది కనుక నెల్లూరు నుంచి గంటన్నర ముందు లేచి తయారైతే చాలు. రెండవది మూడున్నరకు ఇల్లు వదిలి, నాలుగున్నరకు గట్టు చేరి, వెలుతురు ఉండగానే నీళ్లనుంచి పైకి రావడం. చిన్నపిల్లలు ఉన్నవారు రెండవ మార్గాన్నే ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే పొద్దున నిద్ర చాలని పిల్లవాడు సముద్రం చూసి సంతోషించడం నేను ఇంతవరకు చూడలేదు. పౌర్ణమి నాటి సాయంత్రమైతే సూర్యుడు వెనక దిగుతున్న వేళకే చంద్రుడు ఎదురుగా నీళ్లలోనుంచి లేస్తాడు. నీళ్లలోకి దిగకుండా చాప మీద కూర్చుని చూడటానికి అంతకన్నా మంచి రోజు లేదు.

పదింటికి వెళ్లి అయిదింటిదాకా ఉండి వద్దామనే వారే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఉండవలసి వస్తే మధ్యాహ్నపు నాలుగైదు గంటలు తోపులోనో, వసతి గదిలోనో గడిపే ఏర్పాటు ముందే చేసుకోవాలి. దీనికి రెండు పాత నూలు చీరలు, నాలుగు గజాల తాడు వెంట ఉంటే ఎంతో ఉపకారం. ఒక చీర సరుగుడు చెట్ల మధ్య కడితే నీడ అవుతుంది. రెండవది ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకోవడానికి మరుగు అవుతుంది. బట్టలు మార్చుకునే గదులు ఉన్న గట్టున కూడా పండుగనాడు వాటి దగ్గర వరస పెద్దది, తలుపుకు గొళ్లెం ఉంటుందన్న నమ్మకమూ లేదు. మరుగుదొడ్డి ఎక్కడుందో, అందులో నీళ్లున్నాయో లేదో గట్టు చేరిన వెంటనే ఒకరు వెళ్లి చూసి రావడం మంచిది. ఈ ఒక్క విషయం ఆలోచించకపోవడం వల్ల ఇళ్లలో ఆడవాళ్లు పొద్దుటినుంచి మంచినీళ్లు తాగకుండా ఉండిపోతారు, తరువాత తలనొప్పి ఎందుకు వచ్చిందో మగవాళ్లకు అర్థం కాదు.

తిండి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, మన ఇళ్లలో ఆ విద్య అందరికీ తెలిసిందే. చింతపండు పులిహోర సాయంత్రందాకా నిలుస్తుంది. కొబ్బరి పచ్చడి నిలవదు, వేసవిలో అయితే రెండు మూడు గంటల్లోనే వాసన మారుతుంది. దద్దోజనం తీసుకువెళ్లేవారు పెరుగుకు బదులు పాలు ఎక్కువగా పోసి, కొద్దిగా తోడు కలిపి గిన్నెకెత్తితే తినే వేళకు పులుపెక్కకుండా కమ్మగా ఉంటుంది. గాలికి ఇసుక లేస్తుంది కాబట్టి పప్పు, కూర, పులుసు అంటూ విస్తరి పరిచే భోజనం గట్టున సాగదు. ఒక చేత్తో పట్టుకొని తినగలిగే చపాతీ చుట్టలు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, అరటిపళ్లు సుఖం. మంచినీళ్లు మనిషికి 2 లీటర్లకు తగ్గకుండా తీసుకువెళ్లాలి, వాటికి తోడు ఉప్పు వేసిన మజ్జిగ ఒక క్యాన్. కాళ్లు కడుక్కోవడానికి మామూలు నీళ్లు వేరే డబ్బాలో ఉండాలి, లేకపోతే తాగే నీళ్లే కాళ్ల మీద పోసుకుంటారు.

దారిలో రెండువైపులా రొయ్యల గుంటలు, వాటిలో తెల్లగా నురగ లేపుతూ తిరిగే ఏరియేటర్ల చక్రాలు పిల్లలకు వింతగా కనిపిస్తాయి. బండి ఆపి చూపించవచ్చు గానీ గుంట కట్ట మీదికి పిల్లలను ఎక్కించకూడదు. కట్ట జారుడుగా ఉంటుంది, చక్రాలను తిప్పే కరెంటు తీగలు పక్కనే ఉంటాయి. గట్టు దగ్గర కారును ఇసుకలోకి దింపవద్దు. దిగబడిన కారును తోయడానికి పదిమంది కావాలి, పైగా ఉప్పునీటి జల్లు అడుగుభాగాన్ని తినేస్తుంది. బస్సులో వెళ్లేవారు దిగేటప్పుడే తిరుగు ప్రయాణపు ఆఖరి బస్సు వేళ కండక్టరును అడిగి తెలుసుకోవాలి. సిగ్నలు అందక ఫోను చెల్లింపులు ఆగిపోవడం గట్టున మామూలే కనుక 10, 20, 50 రూపాయల నోట్లు కొన్ని జేబులో ఉంచుకోవాలి.

ఇప్పుడు నీళ్ల సంగతి. మన తీరంలో చాలాచోట్ల లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. మోకాలి లోతు నుంచి నాలుగడుగులు వేస్తే నడుము లోతు వచ్చే చోట్లు ఉన్నాయి. అలలు విరిగి తెల్లని నురగతో వస్తున్న వరసలో ఒకచోట మాత్రం నురగ లేకుండా, నీరు ముదురు రంగులో, నిమ్మళంగా కనబడితే అక్కడ దిగడం సుఖమని కొత్తవాళ్లు అనుకుంటారు. గట్టుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి లాగే దారి అదే అయి ఉంటుంది. ఆ లాగుడులో పడినవారు నేరుగా గట్టువైపు ఈదడానికి ప్రయత్నిస్తే అలసిపోవడం తప్ప ముందుకు రాలేరు. గట్టుకు సమాంతరంగా పక్కకు కొంత దూరం కదిలి, లాగుడు తగ్గిన చోట అలలతోపాటు ఒడ్డుకు రావాలి. ఈత రానివారు తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి. గట్టున ఉన్నవారు ఆవేశంతో ఒట్టి చేతులతో దూకకుండా, తాడో, గాలి నింపిన ట్యూబో, మూత బిగించిన ఖాళీ క్యానో విసరాలి. చుట్టుపక్కల పట్టపుపాళెం వాళ్లు, అంటే జాలరిపల్లెల వాళ్లు ఉంటే వెంటనే కేక వేయాలి, ఆ నీళ్ల నాడి వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. అదే సమయంలో ఒకరు 112కు, అవసరమైతే 108కి ఫోను చేయాలి. నదులు, కాలువలు సముద్రంలో కలిసే మొగల దగ్గర ఎంత తక్కువ నీరున్నట్టు కనిపించినా స్నానానికి దిగవద్దు.

పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకూడదు, చెయ్యి పట్టుకునేటప్పుడు వేళ్లు పట్టుకోకుండా మణికట్టు పట్టుకోవాలి. తడిసిన వేళ్లు అల తాకిడికి సబ్బుబిళ్లలా జారిపోతాయి, మణికట్టు జారదు. సముద్రానికి వీపు పెట్టి ఫొటోకు నిలబెట్టడం మరో పెద్ద పొరపాటు. మద్యం తాగినవారు నీళ్లలోకి దిగకుండా చూసే బాధ్యత కుటుంబంలోని పెద్దలు మొహమాటం లేకుండా తీసుకోవాలి. అలలలో పారదర్శకంగా తేలే జెల్లీచేప తగిలి ఒళ్లు మండితే ఇసుకతో రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న పోగులను ఒక పుల్లతో తీసివేసి, వాంతులు గానీ ఆయాసం గానీ కనబడితే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. సముద్రం ఉన్నట్టుండి చాలా దూరం వెనక్కు పోయి అడుగు ఇసుక బయటపడితే గవ్వలు ఏరడానికి ముందుకు వెళ్లకుండా అందరూ వెనక్కు, ఎత్తైన చోటికి పరుగెత్తాలని పిల్లలకు ఒకసారి చెప్పి ఉంచడం మంచిది. 2004 డిసెంబరు 26 చూసిన తీరం ఇది.

సెలవు రోజుల్లో, పండుగ రోజుల్లో గట్టున వెలిసే జెయింట్ వీల్, రంగులరాట్నం, కొలంబస్ వంటి ఆటలు పిల్లలను సముద్రంకన్నా ఎక్కువగా లాగుతాయి. టిక్కెట్టు కొనే ముందు ఒక రౌండు తిరగనిచ్చి, పక్కన నిలబడి చూడటం నా అలవాటు. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక తొట్టి ముందు అడ్డకమ్మీకి ఉండే పిన్ను, బోల్టులు ఎలా ఉన్నాయో చూడాలి. పిన్ను ఉండవలసిన చోట కట్టుతీగ చుట్టి ఉంటే అక్కడినుంచి వచ్చేయాలి. వీల్ కాళ్ల కింద ఇసుకలో వెడల్పాటి దుంగలో పలకలో వేసి ఉండాలి, తిరిగేటప్పుడు ఆ కాళ్లు కదలకూడదు. జనరేటరు నుంచి వచ్చే తీగలు తడి ఇసుక మీద, అతుకులు బయటికి కనబడుతూ పడి ఉంటే పిల్లలను ఉత్తికాళ్లతో అటు పంపవద్దు. స్విచ్చు దగ్గర మనిషి కూర్చుని ఉండాలి, టిక్కెట్లు అమ్మడానికి లేచి వెళ్లే మనిషైతే ఆ ఆట మనకు వద్దు. గాలి పెరిగిన సాయంత్రం పెద్ద వీల్ ఎక్కించకూడదు. భోజనం చేసిన గంటలోపు ఏ ఆటా ఎక్కించకూడదన్న మాట చెప్పడం నా వంతు, వినకపోతే తరువాత కడగడం ఎవరి వంతో ఇంట్లో తేల్చుకోవచ్చు. గుర్రం స్వారీకి ధర, ఎంత దూరం తిప్పుతాడన్న లెక్క ఎక్కక ముందే మాట్లాడుకోవాలి.

బండ్ల మీద వేయించిన చేపలు, రొయ్యలు, పీతలు లేకుండా మైపాడు విహారం పూర్తి కాదని మా వాళ్ల పట్టుదల. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది కనుక వేసవి సెలవుల్లో గట్టున దొరికేదంతా అప్పుడే పట్టిన సముద్రపు చేప అనుకోనక్కరలేదు, అది గుంటలదో ఐసుదో కావచ్చు. మొప్పలు ఎర్రగా, కళ్లు ఉబ్బెత్తుగా ఉన్న చేపను చూపించి ఎదురుగా వేయించుకోవాలి. మసాలా పట్టించి పొద్దుటినుంచి పళ్లెంలో పేర్చి ఉంచిన ముక్కల జోలికి పోకూడదు. నూనె నల్లగా మరుగుతూ కనబడితే మొక్కజొన్న పొత్తో, ఉప్పుకారం చల్లిన మామిడికాయ ముక్కలో కొనిపించి పిల్లలను ముందుకు నడిపించడం ఉత్తమం. అదృష్టం బాగుంటే జాలర్లు గట్టు మీద రెండు జట్లుగా నిలబడి, నీళ్లలో పరిచిన అలివి వలను ఒడ్డుకు లాగడం కనిపిస్తుంది. పిల్లలు తప్పక చూడవలసిన దృశ్యమది, అయితే బిగుసుకున్న తాళ్లను దాటనివ్వకుండా కాస్త ఎడంగా నిలబెట్టాలి.

వెలుతురు పోకముందే సామాను సర్దడం మొదలుపెట్టాలి, చీకట్లో ఇసుకలో పడిన తాళంచెవి దొరకదు. తడి ఇసుకను తుడిస్తే పోదు. కాళ్లు ఆరనిచ్చి ఒంటి పౌడరు చల్లి పొడిగుడ్డతో దులిపితే ఇట్టే రాలిపోతుంది, కారు సీట్లు కూడా శుభ్రంగా ఉంటాయి. గాజుపెంకులు, ప్లాస్టిక్ సంచులు మనవైతే మన సంచిలోనే తిరిగి తెచ్చుకోవాలి. చిన్నప్పుడు ఉత్తికాళ్లతో పరుగెత్తిన గట్టు మీద ఇప్పుడు పిల్లలకు చెప్పులు తొడగవలసి రావడం సీసా పెంకుల వల్లనే. ఇంటికి చేరిన రాత్రే బట్టలు మంచినీళ్లలో జాడించి, మోటారు సైకిలైతే చెయిను, చక్రాలు నీళ్లతో కడిగి నూనె వేయాలి. మరునాడు చూద్దామనుకుంటే ఉప్పు తన పని తాను చేసేసి ఉంటుంది.

బండి కదిలే ముందు తలలు లెక్కపెట్టాలి. మా అత్తగారు ముందు సీట్లో కూర్చుని, వెనక్కు తిరిగి, వేళ్లు మడుస్తూ పదకొండు వచ్చేదాకా లెక్కపెడతారు. వచ్చిన తరువాత మరొకసారి మొదటినుంచి లెక్కపెడతారు. రెండోసారి కూడా పదకొండు వస్తేనే డ్రైవరును కదలమంటారు.